సెరాపిస్

సెరాపిస్ ప్రాచీన ఈజిప్టును మాసిడోనియా గ్రీకులైన టాలెమీలు ఏలిన కాలంలో రూపుదిద్దుకున్న దేవుడు. మూలం ఈజిప్టుది, విగ్రహం గ్రీకులది. రెండు మతాల దేవతలు శిల్పంలో ఎలా కలిశారో తెలిపే ప్రధాన ఉదాహరణ ఇది.

పుట్టుక

మెంఫిస్ నగరంలో ఏపిస్ అనే ఎద్దును సజీవ దైవంగా కొలిచేవారు. అది చనిపోతే మమ్మీగా చేసి సక్కారా నేలమాళిగల్లో భద్రపరిచేవారు. ఆపై అది పరలోకాధిపతి ఒసైరిస్‌లో లీనమై ఒసైరిస్-ఏపిస్ అవుతుందని నమ్మేవారు. సెరాపిస్‌కు మూలం ఈ ఆరాధనే.

క్రీ.పూ. 332లో అలెగ్జాండర్ ఈజిప్టును జయించాక గ్రీకులు అక్కడికి వచ్చి స్థిరపడ్డారు. అతని సేనాని టాలెమీ సోటర్ క్రీ.పూ. 305 ప్రాంతంలో రాజయ్యాడు. పశురూపంలోని దైవాన్ని పూజించడం గ్రీకులకు అలవాటు లేదు. అందువల్ల ఒసైరిస్-ఏపిస్ మనిషి రూపం దాల్చాడు. టాలెమీకి కలలో ఒక దేవుడు కనిపించి, నల్ల సముద్ర తీరంలోని సినోపే నుంచి తన విగ్రహాన్ని తెప్పించమన్నాడనీ, గ్రీకు పండితుడు తిమోథియస్, ఈజిప్టు పూజారి మనెథో కలిసి అది సెరాపిస్‌దేనని తేల్చారనీ గ్రీకు రచయిత ప్లూటార్క్ రాశాడు. ఈ కథను చరిత్రకారులు యథాతథంగా అంగీకరించరు.

విగ్రహ లక్షణాలు

ఒత్తైన గడ్డం, నుదుటిపైకి జారే ఉంగరాల జుట్టు, సింహాసనం, రాజదండం: ఇవి గ్రీకు దేవతలైన జ్యూస్, హేడిస్ విగ్రహాల నుంచి వచ్చాయి. పక్కనుండే మూడు తలల కుక్క సెర్బెరస్ పాతాళానికి గుర్తు. తలపై ధాన్యం కొలిచే కుంచం పంటల సమృద్ధికి సంకేతం. ఈజిప్టులోని అలెగ్జాండ్రియా నగరపు మూలవిగ్రహాన్ని గ్రీకు శిల్పి బ్రయాక్సిస్ చెక్కాడని ప్రాచీన రచనల్లో ఉంది. అది ఇప్పుడు లేదు. తరువాతి ప్రతులే దాని రూపాన్ని చెబుతున్నాయి.

మనిషి రూపం వచ్చినా ఎద్దు కనుమరుగు కాలేదు. రోమన్ చక్రవర్తి హేడ్రియన్ కాలపు నల్లరాతి ఏపిస్ విగ్రహం అలెగ్జాండ్రియాలోని సెరాపిస్ ఆలయ ప్రాంగణంలోనే దొరికింది.

తోటి దేవతలు

సెరాపిస్ భార్యగా కొలిచిన ఐసిస్‌కు శిల్పులు గ్రీకు స్త్రీల కుచ్చుల వస్త్రం తొడిగి, రొమ్ముల నడుమ ముడి వేశారు. ఆమె కొడుకు హోరస్ పసివాడి రూపంలో హార్పోక్రటీస్ అయ్యాడు. పెదవులపై వేలు ఈజిప్టులో పసితనానికి గుర్తు. గ్రీకులు, రోమన్లు దాన్ని మౌనముద్రగా భావించారు. నక్క తల అనూబిస్, గ్రీకుల హెర్మిస్ కలిసి హెర్మనూబిస్ అయ్యారు. ఇద్దరూ మృతుల ఆత్మలకు దారి చూపేవారే కావడం ఈ కలయికకు కారణం. నక్క తలతో, చేతిలో హెర్మిస్ దండంతో ఉన్న రోమన్ కాలపు పాలరాతి విగ్రహం వాటికన్ మ్యూజియంలో ఉంది.

వ్యాప్తి, పతనం

మూడవ టాలెమీ అలెగ్జాండ్రియాలో సెరాపిస్‌కు పెద్ద ఆలయం కట్టించాడు. దాని పునాదుల్లో గ్రీకు, ఈజిప్టు లిపులు రెండింటిలోనూ రాసిన రేకులు బయటపడ్డాయి. ఈ ఆరాధన మధ్యధరా తీరాలకు, రోమ్‌కు పాకింది. తూర్పున కుషాణ రాజు హువిష్కుని బంగారు నాణేలపై కూడా సెరాపిస్ కనిపిస్తాడు. తక్షశిల తవ్వకాల్లో హార్పోక్రటీస్ కంచు బొమ్మ దొరికింది.

క్రీ.శ. 391 ప్రాంతంలో బిషప్ థియోఫిలస్ హయాంలో క్రైస్తవులు అలెగ్జాండ్రియా ఆలయాన్ని కూల్చివేశారు. డయోక్లీషియన్ చక్రవర్తి పేరిట నిలిపిన దాదాపు 27 మీటర్ల ఎర్ర గ్రానైటు స్తంభం మాత్రం ఇప్పటికీ ఆ స్థలంలో నిలిచి ఉంది.