పెట్టింది రావాలిగా!

"యాభైకైతే పార్టీ రెడీగా ఉంది మాస్టారూ. మీరు ఊఁ అంటే రేపే అడ్వాన్సు" అన్నాడు మీడియేటరు.

2020 జనవరి, సంక్రాంతి వారం. మంగళగిరి దగ్గర హైవే పక్క అపార్ట్‌మెంట్‌లో త్రిబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు గురించి బేరం. గుంటూరులోని తన ఇంట్లో కూర్చున్న రిటైర్డ్ లెక్చరర్ గారికి ముఖం ఎర్రబడింది.

"అరవై రెండు పెట్టి కొన్నానయ్యా. పెట్టింది కూడా రాకుండా ఎలా ఇస్తాను? అదే ఫ్లోర్లో పక్క ఫ్లాటు డెబ్బై రెండుకు పోయిందిగా!"

"అది 2018 మాటండీ."

"అయితే? అప్పటికీ ఇప్పటికీ గోడలేమైనా అరిగాయా?"

మీడియేటరు కాఫీ గ్లాసు కింద పెట్టి సెలవు తీసుకున్నాడు.

ఈ కథలో పేర్లు ఉండవు. ఆ రోజుల్లో గుంటూరు, విజయవాడల మధ్య చాలా ఇళ్లలో నడిచిన గొడవను ఒక ఇంట్లో పెట్టి చెబుతున్నాను. మాటలు, లెక్కలు ఆ ఇంటికి తగ్గట్టు కూర్చినవి. ఊళ్లో జరిగిన సంగతులు మాత్రం అందరికీ తెలిసినవే.

2015 అక్టోబరు 22న ఉద్దండరాయునిపాలెంలో ఆంధ్రప్రదేశ్ కొత్త రాజధాని అమరావతికి శంకుస్థాపన జరిగింది. ల్యాండ్ పూలింగ్‌లో రైతులు 33 వేల ఎకరాలకు పైగా ఇచ్చారు. చుట్టుపక్కల సెంటు భూమి ఉన్నవాడూ లక్షాధికారిననే అనుకున్నాడు. మాస్టారు ఆ ఊపులోనే పిత్రార్జితం అర ఎకరం అమ్మి 22 లక్షలు తెచ్చారు. మిగతా 40 లక్షలు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తున్న కొడుకు పేరు మీద హోమ్ లోను. 2017 మొదట్లో గృహప్రవేశం చేసి సచివాలయ ఉద్యోగికి అద్దెకిచ్చారు. రెండేళ్లు అంతా సవ్యంగానే ఉంది.

2019లో ప్రభుత్వం మారింది. డిసెంబరు 17న ముఖ్యమంత్రి జగన్ అసెంబ్లీలో దక్షిణాఫ్రికాను చూపించి, మనకూ మూడు రాజధానులు రావచ్చేమో అన్నారు. ఆ మాటతో కొనేవాళ్లు వెనక్కి తగ్గారు. మాస్టారి ఫ్లాటులో అద్దెకున్నాయన కూడా, సచివాలయం విశాఖకు మారితే తానూ వెళ్లాల్సి వస్తుందేమోనని ఖాళీ చేశాడు.

ఇలాంటి మాంద్యంలో చిత్రమేమిటంటే, ముందు పడేది రేటు కాదు, అమ్మకాలు. ఎవర్నడిగినా పాత రేటే చెబుతారు. ఆ రేటుకి కొనే నాథుడు ఉండడు. అందుకే "మా ఏరియాలో రేట్లు తగ్గలేదండీ" అని ఎవరైనా ధీమాగా అంటే, ఈ ఏడాది ఎన్ని రిజిస్ట్రేషన్లయ్యాయో అడగాలి.

పండక్కి వచ్చిన కోడలు, మీడియేటరు వచ్చి వెళ్లిన ఆ రాత్రి బ్యాంకు స్టేట్‌మెంట్ ముందేసుకుని కూర్చుంది. ఎనిమిదిన్నర శాతం వడ్డీ, ఇరవై ఏళ్ల గడువు, నెలకు 34,713 రూపాయల కిస్తీ. మూడేళ్లలో కట్టింది పన్నెండున్నర లక్షలు. అసలులో తగ్గింది 2 లక్షల 60 వేలు. మిగతాదంతా వడ్డీకే జమ.

"మావయ్యా, ఒక్కసారి ఇటు చూడండి. ఫ్లాటు ఖాళీగా ఉంది. వడ్డీ, మెయింటెనెన్సు కలిపి నెలకు 29 వేలు ఊరికే పోతున్నాయి. మీరు అడిగే రేటుకీ వచ్చిన బేరానికీ తేడా పన్నెండు లక్షలు. మూడున్నరేళ్లు ఆగితే ఆ పన్నెండూ ఇలాగే కరిగిపోతాయి."

"నీకేం తెలుసమ్మా, అది మా నాన్న పొలం."

ఆయన అన్నదాన్ని దురాశ అని కొట్టిపారేయలేను. కళ్లముందే తండ్రి పొలం పన్నెండు లక్షలు తరిగిపోతుంటే ఎవరి చెయ్యి సంతకానికి లేస్తుంది? 1990లలో బోస్టన్ ఫ్లాట్ల అమ్మకాలను పరిశీలించి డేవిడ్ జెనెసోవ్, క్రిస్టఫర్ మేయర్ అనే ఆర్థికవేత్తలు 2001లో ఇదే రాశారు. కొన్న ధర కన్నా తక్కువకు అమ్మాల్సి వచ్చినవాళ్లు మిగతావాళ్ల కన్నా ఎక్కువ రేటు చెప్పారు. కొద్దిగా ఎక్కువ రాబట్టుకున్నారు కూడా. కానీ వాళ్ల ఇళ్లు అమ్ముడుపోవడానికి మాత్రం చాలాకాలం పట్టింది. అప్పు లేనివాడు ఆ కాలాన్ని భరించగలడు. కిస్తీ కట్టేవాడి సంగతే వేరు.

మార్చిలో లాక్‌డౌన్ వచ్చింది. కొడుకు జీతంలో కోత పడింది. రిజర్వ్ బ్యాంకు ఆగస్టు దాకా మారటోరియం ఇచ్చిందని ఊపిరి పీల్చుకున్నారు గానీ, ఆ ఆరు నెలల వడ్డీ వచ్చి అసలులో కూర్చుంది. 2021లో ఒక నర్సు దంపతులు వచ్చి 46 అడిగారు. మాస్టారు తలుపు దాకా కూడా సాగనంపలేదు. ఆ ఏడాదే కోడలి గాజులు, నల్లపూసలు గోల్డ్ లోనుకు వెళ్లాయి.

2022 మార్చి 3న హైకోర్టు, అమరావతి పనులకు గడువులు పెడుతూ, రాజధాని రైతుల పక్షాన తీర్పిచ్చింది. సరిగ్గా ఆ వారమే 51కి సిద్ధపడి ఒకాయన వచ్చాడు. మాస్టారు 68 చెప్పారు! వచ్చినాయన మంచినీళ్లు తాగి వెళ్లిపోయాడు. నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పులోని గడువుల మీద స్టే ఇచ్చింది. ఈలోగా లోన్ల వడ్డీని నడిపించే రిజర్వ్ బ్యాంకు రెపో రేటు 4 శాతం నుంచి పైకి పాకుతూ 2023 ఫిబ్రవరికి ఆరున్నరకు చేరింది. కిస్తీ మారలేదు గానీ లోను గడువు పెరిగిందని బ్యాంకు నుంచి మెసేజి వచ్చింది. ఆ మెసేజి తండ్రికి చూపించి కొడుకు మొదటిసారి గొంతు పెంచాడు. "నాన్నా, ఇక నావల్ల కాదు."

2023 ఏప్రిల్‌లో 51కే అమ్మారు. లోను తీర్చాక చేతికొచ్చింది 16 లక్షల చిల్లర. 2020లో 50కి ఇచ్చేసి ఉంటే పన్నెండున్నర మిగిలేది, ఆ తర్వాత కట్టిన పదకొండున్నర లక్షల కిస్తీలూ జేబులోనే ఉండేవి. అటూ ఇటూ సర్దితే ఆ పంతం ఖరీదు దాదాపు 8 లక్షలు. గోల్డ్ లోను వడ్డీ అందులో కలపలేదు.

2024 జూన్‌లో ప్రభుత్వం మళ్లీ మారింది. అమరావతి చుట్టూ రేట్లు మళ్లీ లేచాయి. నిజమే, పట్టుబట్టి ఆగినవాళ్లలో బాగుపడినవాళ్లున్నారు. కానీ 2020లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. తెలియని రోజు కోసం ఇంకొకరి జీతాన్ని పందెం కాయడాన్ని పెద్దరికమని నేను అనలేను. ఇంట్లో తెల్లకాగితం మీద రాసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఎదురుచూపు ఎవరిది, దాని కిస్తీ ఎవరిది?

ఆ దసరాకి మాస్టారు ఉండబట్టలేక అనేశారు. "చూశావామ్మా, ఇంకొక్క ఏడాది ఆగి ఉంటే..."

"ఆ ఏడాది కిస్తీలు ఎవరు కట్టేవారు మావయ్యా?"

"నా పెన్షన్ ఇచ్చేవాణ్ణి."

"ఆ మాట 2020లో అని ఉంటే, ఆగుదామని నేనే అనేదాన్ని."