పేరున్న లొట్టి, పేరులేని సీసా

రాయికల్ చుట్టుపక్కల ఊళ్లలో కల్లుకు కాగితం పేరు ఉండేది కాదు. గీసిన గౌడే దాని పేరు. మండువాలో ‘ఎవరి చెట్టుది?’ అని అడిగాకే రేక పట్టేవారు. పోతుతాడు, పరుపుతాడు, పండుతాడు అని కాలాన్ని బట్టి రుచి మారుతుంది. చలికాలపు ఈతకల్లు సంగతి వేరే. పొద్దున తీయగా ఉన్నది సాయంత్రానికి పులుస్తుంది. మూత బిగిస్తే లోపలి గ్యాసుకు సీసా పగిలినా పగులుతుంది. కాబట్టి లొట్టి చాలింది.

మొదటి గుర్తు వేసింది సర్కారు, అదీ చెట్టు మీద. నిజాం రాజ్యంలో 1316 ఫసలీ నాటి, అంటే 1906-07 ప్రాంతపు ఆబ్కారీ చట్టం కింద పన్ను కట్టిన చెట్టునే గీయాలి. చెట్లకు నంబర్లు పడ్డాయి, దుకాణాలు వేలానికి వచ్చాయి. లొట్టి కల్లు క్రమంగా కాంపౌండుకు చేరి, వాడేసిన బీరు సీసాల్లోకి దిగింది. నా దృష్టిలో అసలు నష్టం ఇక్కడే జరిగింది. పది చెట్ల కల్లు ఒక్క డ్రమ్ములో కలిశాక గీసినవాడి పేరు పోయింది. క్లోరల్ హైడ్రేట్, డైజిపామ్ కలిపిన కల్తీకి ఆ పేరులేని సీసాయే చాటు అయింది.

బీరు కథ దీనికి ఎదురు. ఇంగ్లండులో 1876 జనవరి 1న నమోదైన మొట్టమొదటి ట్రేడ్‌మార్కు బాస్ కంపెనీ ఎర్ర త్రికోణం, ఒక బీరు లేబులే. 1892లో విలియం పెయింటర్ పళ్ల రేకుమూతకు పేటెంటు పొందాడు. గ్యాసు నిలిచింది, పేరు దేశాలు దాటింది.

ఇంటి బీరుకు అమెరికాలో 1978 అక్టోబరులో అధ్యక్షుడు కార్టర్ సంతకంతో దారి తెరుచుకుంది. ఒక్కరైతే ఏడాదికి వంద గ్యాలన్లు, ఇంట్లో ఇద్దరు పెద్దలుంటే రెండు వందలు; అమ్మకూడదు. మరుసటి ఏడాదే అక్కడి బౌల్డర్‌లో ఇంటి బీరు జాతీయ పోటీ మొదలైంది. సీసాలో పట్టడమే అక్కడ సగం విద్య. 19 లీటర్ల బీరుకు సుమారు 120 గ్రాముల చక్కెర కలిపితే, మిగిలిన ఈస్టు దాన్ని తిని గ్యాసు పుట్టిస్తుంది. ఎక్కువైతే సీసా పేలుతుంది, తక్కువైతే నురగ రాదు. వెలుతురు తగిలితే వాసన చెడుతుంది కనుక గోధుమరంగు సీసా. ఇక లేబులా? ఎంత అందంగా గీసుకున్నా పోటీకి పంపేముందు పీకేయాల్సిందే. మూత మీద అచ్చు ఉంటే నల్ల మార్కరుతో చెరిపేయాలి. వివరాల చీటీని జిగురుతో అంటించకుండా రబ్బరు బ్యాండుతో చుట్టాలి. నిర్వాహకులు దాన్ని తీసి నంబరు వేస్తారు. జడ్జీకి మనిషి తెలియడు, బీరే తెలుస్తుంది. 50 మార్కుల్లో రుచికి 20, వాసనకు 12, చూపుకు మూడే.

మన దగ్గర 1968 ఎక్సైజ్ చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా ఇంట్లో బీరు కాచడం నేరం. 2015 మైక్రోబ్రూవరీ నిబంధనలు అనుమతించింది కూడా లైసెన్సున్న చోట అమ్మే బీరునే. కనుక కోరుట్ల కుర్రాడు పోటీకి సీసా పంపాలంటే ఇంటి బీరుకు అనుమతి ఉన్న దేశం చేరాల్సిందే.

కల్లుకు మాత్రం లైసెన్సున్న గీత కార్మికులు ఇక్కడే ఉన్నారు. 2023లో హైదరాబాద్‌లో నీరా కేఫ్ తెరిచిన ప్రభుత్వం, జగిత్యాలలో ఏడాదికోసారి కల్లు పోటీ కూడా పెట్టాలి. లొట్టికి నంబరు వేసి రుచి చూడండి. గెలిచాక గీసిన గౌడన్న పేరు బోర్డు మీద పెద్దక్షరాల్లో రాయండి.