ఇంటి కొప్పు లెక్క

ఆలమూరు దాటి జొన్నాడకు వచ్చిన బాటసారికి ఎదుట గౌతమియు, ఆవలి ఒడ్డున రావులపాలెమును కనబడును. ఏటిగాలికి అడ్డులేని ఆ తీరమున ఇల్లు కట్టుకొన్నవానికి గోడకన్న కప్పు ముఖ్యము. కప్పులో కొప్పు మరింత ముఖ్యము. రెండు వాలులు పైన కలిసికొనెడి గీటునే మనవారు కొప్పు అందురు. స్త్రీల సిగకును ఇంటి శిఖరమునకును ఒకే మాట వాడుకొన్న మన పూర్వుల రసికత మెచ్చదగినది. ఆ కొప్పును మూయుటకు ఎన్ని పెంకులు కావలెనన్నది చూచుటకు చిన్న ప్రశ్న. ఇల్లు కట్టించినవారిలో ఆ లెక్క తప్పి అవస్థపడినవారు మాత్రము తక్కువ కారు.

పూర్వము ఈ లెక్కతో పనిలేదు. తాటాకు ఇంటికి కొప్పున మరికొన్ని ఆకులు మడచి కట్టిన చాలును. గూనపెంకుల ఇంటికిని అంతే. వెల్లకిల ఒక వరుస, దానిపై బోర్ల ఒక వరుస పరచుకొని పోయి, తుదకు ఆ పెంకులనే కొప్పుమీద అడుసులోనో సున్నములోనో బోర్లించెడివారు. వాలునకు తెచ్చిన పెంకే కొప్పునకును చెల్లును గనుక, మిగిలినవానితో పని గడచిపోయెడిది.

కొప్పునకు వేరే పెంకు, వేరే లెక్క వచ్చినది యంత్రపు పెంకుతోనే. ఒకదానిలో ఒకటి ఇమిడిపోవు గాడిపెంకును ఫ్రాన్సు దేశమున, ఆల్సేసు సీమలోని ఆల్ట్‌కిర్క్ పట్టణమునకు చెందిన జిలార్డోనీ సోదరులు 1841లో రూపొందించిరి. బాసెల్ మిషన్ వారి పక్షమున జార్జి ప్లెబ్‌స్ట్ 1865లో మంగుళూరునందలి జెప్పులో పెంకుల కార్ఖానా నెలకొల్పెను. నేత్రావతీ తీరపు బంకమన్ను అందులకు ఉపకరించినది. మంగుళూరున పుట్టిన ఈ పెంకును మన తెలుగువారు ఏల బెంగుళూరు పెంకు అనిరో గాని, ఆ పేరే స్థిరపడిపోయినది. ఇది బల్లపరుపుగా ఉండును. కొప్పుమీద వంగి కూర్చుండదు. అందుచేత కొప్పుపెంకును ప్రత్యేకముగా అచ్చు తీయవలసి వచ్చినది.

చిక్కు ఇక్కడనే మొదలైనది. వాలుపెంకులకు వైశాల్యము లెక్క. కొప్పుపెంకులకు పొడవు లెక్క. మొదటిది తెలిసినంతమాత్రమున రెండవది తెలియదు. జొన్నాడలో ఒక గృహస్థుడు 40 అడుగుల పొడవు, 24 అడుగుల వెడల్పు గల ఇల్లు కప్పుచున్నాడనుకొందము. కొప్పు ఎత్తు గోడపైనుండి 6 అడుగులు. రెండు చివరల త్రికోణముగా గోడ లేపి రెండు వాలులతో కప్పినచో కొప్పు 40 అడుగులు. నాలుగు వాలులతో కప్పినచో నడికొప్పు 16 అడుగులకు తగ్గును; కాని నాలుగు మూలకొప్పులు వచ్చి చేరును. ఒక్కొక్కటి ఎంత? నేలమీద చూచిన ఇటు 12, అటు 12, పైకి 6. ఈ మూటి వర్గములను కూడిన 324; దాని మూలము 18. నాలుగింటికి 72, నడికొప్పుతో కలిసి 88 అడుగులు. వింత ఏమనగా, చూరులు లెక్కింపనిచో రెండు విధములందును కప్పు వైశాల్యము ఒక్కటే, సుమారు 1,073 చదరపు అడుగులు. వాలుపెంకులు సమానమే, కొప్పుపెంకులు మాత్రము రెట్టింపు దాటినవి!

ఇది మనకు క్రొత్త విద్య కాదు. మహావీరాచార్యుని గణితసారసంగ్రహమును పావులూరి మల్లన తెలుగు పద్యములలోనికి తెచ్చెను. భుజకోటికర్ణముల సంబంధము ఎరిగినవానికి మూలకొప్పు పొడవు కట్టుట ఎంతపని? నేలమీది కర్ణమును మాత్రమే కొలిచి ఎత్తును మరచువారు ఒక్కొక్క మూలకు అడుగు చొప్పున తక్కువ వేసికొందురు.

మండువా లోగిలిలో పొరపాటు వేరొక దారి పట్టును. 48 అడుగుల చతురస్రపు లోగిలి, నడుమ 16 అడుగుల చతురస్రపు మండువా అనుకొనుడు. చుట్టును 16 అడుగుల వెడల్పు సాలలు. కొప్పు ఎత్తు 4 అడుగులు. కొప్పు చుట్టి వచ్చుటకు ప్రక్కకు 32 చొప్పున 128 అడుగులు. వెలుపలి మూలలు నాలుగు. 8, 8, 4ల లెక్కతో ఒక్కొక్కటి 12, వెరసి 48. మొత్తము 176 అడుగులు. లోపలి మూలలును నాలుగే, పొడవును అంతే. కాని అవి కొప్పులు కావు. రెండు వాలుల నీరు వచ్చిపడు లోయలు. అచ్చట కావలసినది దోనె. ఎనిమిది మూలలును లెక్కవేసికొన్న గృహస్థునకు 48 అడుగుల పెంకులు పెరటిలో మిగులును, దోనెకు రేకు మాత్రము చాలదు.

ఇక అతుకు సంగతి. పెంకు పొడవు 15 అంగుళములై, అందు 3 అంగుళములు ప్రక్కదానిపై ఎక్కినచో, మూయునది అడుగే. మన జొన్నాడ ఇంటి 88 అడుగులకు 88 పెంకులు కావలెను. అతుకు మరచి 15తో భాగించువాడు 71 తెచ్చుకొని, పదునేడింటికి మరల పరుగెత్తవలెను. రెండవమారు తెచ్చినవి వేరొక ఆవములో కాలినవైనచో కొలత కొంచెము మారును, అతుకు సరిగా కూర్చుండదు. ఈలోగా వాన వచ్చినదా, తెరచియున్న కొప్పునుండి నీరు సూటిగా వెన్నుదూలముమీదనే పడును. కలప ఖరీదు తెలిసినవారికి ఇంతకన్న చెప్పనక్కరలేదు.

గాలి మాటయు ఉన్నది. తుపానుగాలి ఇంటికప్పును క్రిందికి నొక్కుననుకొందుము. నిజమునకు పలుచోట్ల పైకి పీల్చును. ఆ పీల్పు చూరు అంచులందును, మూలలందును, కొప్పునొద్దను అధికము. 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమను ఊపివేసిన తుపానును చూచినవారికి ఇది వేరుగా బోధింపనక్కరలేదు. కొప్పుపెంకు ఒకటి లేచిన, ఆ సందున గాలి దూరి దిగువ వరుసలను ఎత్తుట మొదలిడును. అందుచే పెంకులు చాలలేదని అతుకు తగ్గించి సాగదీయుట ప్రమాదము. కోతకును పగుళ్లకును నూటికి అయిదు చొప్పున కలుపుకొని 93 పెంకులను ఒకే ఆవమునుండి తెచ్చుకొని, గచ్చులో గట్టిగా కూర్చి, మిగిలిన రెండు మూటిని అటకమీద దాచుకొనుట మేలు. ఏ గాలికో ఒకటి పగిలిననాడు అదే అచ్చు పెంకు బజారులో దొరకకపోవచ్చును.