గర్భవిచ్ఛిత్తి: యెహోవాసాక్షుల వైఖరి

గర్భవిచ్ఛిత్తి (అబార్షన్) విషయంలో యెహోవాసాక్షులు అనుసరించే సిద్ధాంతం, దాని చరిత్ర, సభ్యుల మీద అది మోపే వ్యక్తిగత బాధ్యత ఈ వ్యాస విషయాలు. గర్భంలో పడిన క్షణం నుంచే శిశువును దేవుని దృష్టిలో ప్రాణంగా ఎంచాలని, కావాలని ఆ ప్రాణం తీయడం నరహత్యతో సమానమని ఈ సంఘం బోధిస్తుంది. అదే సమయంలో గర్భనిరోధం వంటి అనేక వైద్య విషయాలను దంపతుల మనస్సాక్షికి వదిలివేస్తుంది. ఏది దైవశాసనం, ఏది సొంత నిర్ణయం అన్న ఈ విభజన చుట్టూనే సంఘ వైద్యనీతి చరిత్ర సాగింది. ప్రపంచవ్యాప్తంగా సుమారు 90 లక్షల మంది ప్రచారకులు (క్రియాశీల సభ్యులు) ఉన్న ఈ సంఘానికి ప్రధాన కార్యాలయం అమెరికాలో న్యూయార్క్ రాష్ట్రంలోని వార్విక్‌లో ఉంది.

పూర్వరంగం

క్రైస్తవ సాహిత్యంలో గర్భవిచ్ఛిత్తిని నిషేధించిన తొలి రచనల్లో డిడాకే ఒకటి. ఇది మొదటి శతాబ్దం చివర గానీ రెండో శతాబ్దం ఆరంభంలో గానీ వెలువడింది. క్రీ.శ. 197 ప్రాంతంలో క్రైస్తవ రచయిత టెర్టూలియన్ కూడా ఇదే మాట గట్టిగా చెప్పాడు. 314లో ఆంకిరా సభ ఈ పాపానికి పదేళ్ల ప్రాయశ్చిత్తం విధించింది. ఆ తర్వాతి పదిహేను శతాబ్దాల్లో పిండానికి ఆత్మ ఎప్పుడు ప్రవేశిస్తుందన్న వాదం క్రైస్తవ పండితుల మధ్య నడుస్తూనే వచ్చింది. మనిషిలో అమర్త్యమైన ఆత్మ వేరే ఉంటుందన్న భావననే నిరాకరించే యెహోవాసాక్షులకు ఈ వాదంతో నిమిత్తం లేదు.

ఆరంభ దశ (1870–1942)

ఛార్లెస్ టేజ్ రస్సెల్ (1852–1916) 1870ల ఆరంభంలో పెన్సిల్వేనియాలోని అలెఘనీలో ఒక బైబిలు అధ్యయన బృందాన్ని ప్రారంభించాడు. 1879లో కావలికోట పత్రిక మొదలైంది. బైబిలు విద్యార్థులుగా పేరుపడిన వీరి దృష్టి ఆ కాలంలో క్రీస్తు రాకడ కాలగణన మీద, నరకయాతన సిద్ధాంత ఖండన మీద నిలిచింది. 1917లో నాయకత్వం చేపట్టిన జోసెఫ్ రూథర్‌ఫర్డ్ హయాంలో, 1931లో ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్ సమావేశంలో యెహోవాసాక్షులు అన్న పేరు ఖాయమైంది. సంఘ పత్రిక ‘గోల్డెన్ ఏజ్’ టీకాలను తీవ్రంగా వ్యతిరేకించినదీ ఆ ఏడాదే. వైద్యం గురించి సభ్యులకు సంఘం చెప్పే మాటకు ఎంత బరువు ఉంటుందో అప్పుడే తెలిసింది.

లేఖన ఆధారాలు

సంఘం ప్రధానంగా చూపే వచనం నిర్గమకాండము 21:22, 23. ఇద్దరు పోట్లాడుకుంటుండగా గర్భవతికి దెబ్బ తగిలితే ఏం చేయాలో అది చెబుతుంది. యూదు రబ్బీల వ్యాఖ్యానం ప్రకారం పిండం పోతే జరిమానా, తల్లి చనిపోతే ప్రాణానికి ప్రాణం. తల్లి ప్రాణానికి ముప్పు ఉన్నప్పుడు, శిశువు అధిక భాగం బయటికి రాకముందైతే తల్లికే ప్రాధాన్యమని యూదు ధర్మసంహిత మిష్నా నిర్ణయించింది. గ్రీకు అనువాదమైన సెప్టువాజింట్ రూపం ఏర్పడిన పిండానికీ ఏర్పడని పిండానికీ తేడా చూపింది. యెహోవాసాక్షుల సొంత అనువాదమైన నూతనలోక అనువాదంలో మాత్రం ప్రాణహాని తల్లికి జరిగినా బిడ్డకు జరిగినా శిక్ష ఒక్కటే అన్న అర్థం వస్తుంది. ఈ అనువాదం 1950 నుంచి భాగాలుగా వెలువడి 1961లో ఒకే సంపుటంగా వచ్చింది.

దీనికి తోడుగా పిండ దశలోనే దేవుడు తనను చూశాడని దావీదు చెప్పిన కీర్తన 139:16, గర్భంలో రూపుదిద్దుకోక మునుపే తెలుసునని దేవుడు ప్రవక్తతో అన్న యిర్మీయా 1:5 చూపుతారు. వ్యక్తిగత బాధ్యతకు రోమీయులు 14:12, గలతీయులు 6:5 ఆధారాలు. ప్రతివాడూ దేవునికి తన లెక్క తానే అప్పగించుకోవాలన్నది వాటి సారం.

నార్ కాలం (1942–1977)

నేటి వైఖరికి పునాదులన్నీ నేథన్ నార్ అధ్యక్షుడిగా ఉన్న 35 ఏళ్లలోనే పడ్డాయి. 1945లో రక్తమార్పిడి దైవశాసనానికి విరుద్ధమని కావలికోట ప్రకటించింది. 1952 మార్చిలో బహిష్కరణ విధానాన్ని నిర్దిష్టంగా వివరించింది. ఘోర పాపం చేసి పశ్చాత్తాపపడని సభ్యుణ్ణి సంఘం నుంచి తొలగించడం, మిగతావారు అతనితో సహవాసం మానేయడం ఇందులోని ముఖ్యాంశాలు. అదే ఏడాది డిసెంబరులో, టీకాలు లేఖనాలకు విరుద్ధం కావని, వేయించుకోవడం ఎవరి నిర్ణయం వారిదని తేల్చింది. ఒకే సంవత్సరంలో క్రమశిక్షణ బిగిసింది, ఒక వైద్య విషయం నిషేధాల పట్టీ నుంచి మనస్సాక్షి పట్టీలోకి మారింది. ఈ రెంటినీ కలిపి చూస్తేనే సంఘం నడిచే తీరు బోధపడుతుంది.

1961లో పశ్చాత్తాపం లేకుండా రక్తం ఎక్కించుకోవడం బహిష్కరణకు కారణమైంది. 1967 నవంబరులో అవయవ మార్పిడిని నరమాంస భక్షణతో పోల్చి తప్పుపట్టారు. 1980 మార్చిలో దాన్ని మళ్లీ వ్యక్తిగత నిర్ణయంగా ప్రకటించారు.

ఇదే కాలంలో బయటి ప్రపంచంలో గర్భవిచ్ఛిత్తి చట్టాలు వేగంగా మారాయి. బ్రిటన్ చట్టం 1967 అక్టోబరులో ఆమోదం పొంది 1968 ఏప్రిల్ 27న అమలులోకి వచ్చింది. 1968 జులై 25న ఆరో పోప్ పాల్ ‘హ్యుమానే వీటే’ లేఖతో గర్భవిచ్ఛిత్తిని, కృత్రిమ గర్భనిరోధాన్ని కలిపి ఖండించాడు. భారత వైద్య గర్భవిచ్ఛిత్తి చట్టం 1971లో వచ్చి 1972 ఏప్రిల్ 1న అమలైంది. 1973 జనవరి 22న అమెరికా సుప్రీంకోర్టు గర్భవిచ్ఛిత్తి హక్కును గుర్తిస్తూ రో వర్సెస్ వేడ్ తీర్పు వెలువరించింది. ఈ మార్పులతో సాక్షుల సిద్ధాంతం మారలేదు. చట్టం ఒప్పుకున్నంత మాత్రాన దేవుడు ఒప్పుకున్నట్టు కాదని వారి పత్రికలు పాఠకులకు చెప్పాయి. అయితే కాథలిక్కుల్లా గర్భనిరోధాన్ని కూడా తోసిపుచ్చలేదు. పిల్లల్ని కనాలా, ఎందరిని కనాలి, ఎప్పుడు కనాలి అన్నది దంపతుల ఇష్టమని స్పష్టం చేశాయి.

సంఘ పాలనలోనూ మార్పులు ఈ కాలంలోనే వచ్చాయి. 1971 అక్టోబరులో, సంఘమంతటినీ నడిపే పరిపాలక సభ 11 మందికి విస్తరించింది. 1972 నుంచి ఒకే వ్యక్తి స్థానంలో పెద్దల (స్థానిక బాధ్యుల) సభ ప్రతి స్థానిక సంఘాన్నీ చూసుకోసాగింది. 1976 జనవరి 1 నుంచి పరిపాలక సభ ఆరు కమిటీలుగా పనిచేయడం మొదలుపెట్టింది. ఒక సభ్యురాలు గర్భం తీయించుకున్నప్పుడు ఆమెతో మాట్లాడవలసిన బాధ్యత పెద్దల సభ ఏర్పాటుతో కనీసం ముగ్గురు పెద్దల కమిటీ మీద పడింది.

మినహాయింపులు, మనస్సాక్షి విషయాలు

1985లో ఇంటింటి పరిచర్య కోసం సంఘం వెలువరించిన చర్చా గ్రంథంలో అక్షరక్రమంలో మొట్టమొదటి అంశం గర్భవిచ్ఛిత్తే. బిడ్డ లోపంతో పుట్టవచ్చని వైద్యుడు చెప్పినా, ప్రసవంలో చిక్కులు రావచ్చన్న భయం ఉన్నా, గర్భం తీయించుకోవడానికి అవి కారణాలు కావు. బలాత్కారం వల్ల వచ్చిన గర్భానికీ ఇదే నియమం. తల్లి అనుభవించే దారుణాన్ని గుర్తిస్తూనే బిడ్డ ప్రాణం తీయరాదని సంఘం బోధిస్తుంది.

ప్రసవ సమయంలో తల్లి, బిడ్డల్లో ఒక్కరినే కాపాడగల స్థితి వస్తే ఆ నిర్ణయం మాత్రం దంపతులదే. పెద్దలు గానీ పత్రికలు గానీ అందులో తీర్పు చెప్పరు. ఫలదీకరణం చెందిన అండం గర్భసంచిలో కాక నాళంలో పెరగడం (ట్యూబల్ ప్రెగ్నెన్సీ) విషయంలోనూ, అది బతికే అవకాశం లేదని, తల్లి ప్రాణానికి ముప్పని గుర్తించి, చికిత్స నిర్ణయాన్ని ఆమె మనస్సాక్షికి వదిలారు.

గర్భనిరోధ సాధనాల్లో చర్చకు వచ్చింది లూప్ (ఐయూడీ). ఫలదీకరణం చెందిన అండం గర్భసంచికి అంటుకోకుండా అది అడ్డుకుంటే, ప్రాణం మొదలైన తర్వాత తీసినట్టే కదా అన్న ప్రశ్నకు 1979లో కావలికోట జవాబిచ్చి, దంపతులే ఆలోచించుకోవాలని చెప్పింది. 2017 డిసెంబరు అధ్యయన సంచికలో మళ్లీ ఈ అంశం వచ్చింది. రాగి లూప్‌లు, హార్మోన్ లూప్‌లు చాలావరకు ఫలదీకరణాన్నే అడ్డుకుంటాయన్న కొత్త వైద్య సమాచారాన్ని వివరించి, నిర్ణయాన్ని మళ్లీ దంపతులకే అప్పగించింది. వైద్య విషయాన్ని ఇంత ఓపికగా విడమరచి చెప్పడం ఈ పత్రికల ప్రశంసనీయ లక్షణం.

సభ్యుల బాధ్యత, క్రమశిక్షణ

బాప్తిస్మం తీసుకున్న సభ్యురాలు తెలిసి గర్భవిచ్ఛిత్తి చేయించుకుంటే అది ఘోర పాపంగా పెద్దల ముందుకు వస్తుంది. అందుకు ప్రోత్సహించిన లేదా సమ్మతించిన సభ్యుడైన భర్తకూ బాధ్యత తప్పదు. పెద్దలు చూసేది ప్రధానంగా పశ్చాత్తాపాన్నే. నిజమైన పశ్చాత్తాపం కనిపిస్తే మందలింపుతో సరిపెడతారు, కనిపించకపోతే సంఘం నుంచి తొలగిస్తారు. 1974లో బహిష్కృతుల పట్ల కొంత మెత్తదనం చూపినా, 1981 సెప్టెంబరులో పలకరింపు సైతం కూడదన్నంతగా నియమం బిగిసింది. 2024లో పరిపాలక సభ దీన్ని సడలించింది. ‘బహిష్కరణ’ అనే మాటకు బదులు ‘సంఘం నుంచి తీసివేయడం’ అన్న మాట వాడుకలోకి వచ్చింది. కూటాలకు వచ్చినప్పుడు అలాంటి వారిని క్లుప్తంగా పలకరించవచ్చని చెప్పారు. ఎన్నో కుటుంబాలకు ఎప్పుడో రావలసిన ఊరట ఇది.

సంఘంలో చేరకముందు గర్భవిచ్ఛిత్తి చేయించుకున్న స్త్రీపై విచారణ ఉండదు. పశ్చాత్తాపపడితే దేవుడు క్షమిస్తాడని, గతం తలచుకొని కుంగిపోవద్దని కీర్తన 103 ఆధారంగా ఆమెను ఓదారుస్తారు.

రాజకీయ తటస్థత

ఈ వైఖరిలో అన్నిటికన్నా విశిష్టమైనది తటస్థత. యెహోవాసాక్షులు ఓటు వేయరు, రాజకీయ పక్షాల్లో చేరరు, గర్భవిచ్ఛిత్తి వ్యతిరేక ఊరేగింపుల్లో పాల్గొనరు, ఆసుపత్రుల ముందు ధర్నాలు చేయరు. 2014లో ప్యూ సంస్థ అమెరికాలో జరిపిన సర్వేలో, గర్భవిచ్ఛిత్తి అన్ని లేదా చాలా సందర్భాల్లో చట్టవిరుద్ధంగా ఉండాలన్న సాక్షులు 75 శాతం. ఇవాంజెలికల్ ప్రొటెస్టెంట్లలో ఇది 63 శాతం. ఇంత గట్టి నమ్మకం ఉండి కూడా దాన్ని చట్టంగా మార్చాలని పట్టుబట్టకపోవడం మతచరిత్రలో అరుదు. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ తీర్పుతో రో వర్సెస్ వేడ్ రద్దయినప్పుడు అమెరికా వీధులు రెండుగా చీలిపోయాయి. సాక్షులు మాత్రం ఏ వైపూ నిలవలేదు. తమ నియమం తమవారికే అన్నది వారి పద్ధతి.

విమర్శలు

పరిపాలక సభలో 1971 నుంచి 1980 వరకు సభ్యుడైన రేమండ్ ఫ్రాంజ్ 1983లో ‘క్రైసిస్ ఆఫ్ కాన్షియన్స్’ అనే గ్రంథం ప్రచురించాడు. నియమాలు మూడింట రెండు వంతుల ఓటుతో మారుతున్నప్పుడు వాటిని అతిక్రమించినవారిని దైవశాసనం మీరినట్టు శిక్షించడం సరికాదన్నది అతని వాదన. బలాత్కారం వంటి సందర్భాల్లో స్త్రీ తన దుఃఖాన్ని పురుషులతోనే కూడిన కమిటీ ముందు విప్పవలసి రావడాన్ని మాజీ సభ్యులు, స్త్రీవాదులు తప్పుపట్టారు.

వైద్యుల విమర్శ మరో దిశలో ఉంది. పుట్టని బిడ్డ ప్రాణాన్ని ఇంతగా కాపాడే సంఘం, రక్తమార్పిడి నిరాకరణ ద్వారా తల్లిని ప్రమాదంలో పెడుతోందని వారంటారు. నాళంలో పెరిగిన గర్భం పగిలినప్పుడు, ప్రసవానంతరం రక్తం ఆగనప్పుడు గంటల్లో ప్రాణం పోతుంది. నెదర్లాండ్స్‌లో సాక్షుల ప్రసవ మరణాలపై 2009లో వెలువడిన అధ్యయనం, వారిలో మాతృమరణాల ప్రమాదం సాధారణ స్త్రీలకంటే సుమారు ఆరు రెట్లు ఉందని చూపింది. రక్తం లేకుండా చికిత్స చేసే వైద్యులతో సభ్యులను కలపడానికి సంఘం ఆసుపత్రి అనుసంధాన కమిటీలను నడుపుతోంది. ఆ కృషి నిజమైనదే అయినా, తల్లి ప్రాణం గురించి వైద్యులు వేసిన ప్రశ్నకు అది పూర్తి సమాధానం కాదు.

భారతదేశంలో, తెలుగు ప్రాంతంలో

రస్సెల్ 1912లో తిరువితాంకూరు వచ్చాడు. 1926లో బొంబాయిలో శాఖా కార్యాలయం ఏర్పడింది. ప్రస్తుత శాఖ బెంగళూరులో ఉంది. కావలికోట, తేజరిల్లు! పత్రికలు తెలుగులో వెలువడుతూ, గర్భవిచ్ఛిత్తి, రక్తం, కుటుంబ జీవితం గురించిన బోధను ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోని రాజ్యమందిరాలకు (సాక్షుల ఆరాధనా స్థలాలకు) చేరుస్తున్నాయి.

భారత చట్టం సాక్షుల మనస్సాక్షికి అడ్డు రాదు. 1971 చట్టం గర్భవిచ్ఛిత్తిని నిర్దిష్ట కారణాలకు అనుమతించింది. అప్పుడు 12 వారాల వరకు ఒక వైద్యుని అభిప్రాయం, 20 వారాల వరకు ఇద్దరి అభిప్రాయం అవసరం. 2021 సవరణతో ఒక వైద్యుని అభిప్రాయంతో 20 వారాల వరకు, కొన్ని వర్గాల స్త్రీలకు ఇద్దరి అభిప్రాయంతో 24 వారాల వరకు గడువు పెరిగింది. వయోజన స్త్రీ విషయంలో ఆమె సమ్మతి లేకుండా గర్భం తీయరాదన్నది మాత్రం మారలేదు. అందువల్ల సభ్యురాలు తన నమ్మకం ప్రకారం బిడ్డను కనాలనుకుంటే చట్టం ఆమె వైపే ఉంటుంది.

మతపరమైన మనస్సాక్షికి దేశంలో గట్టి రక్షణనిచ్చిన తీర్పు కూడా సాక్షుల కేసులోనే వచ్చింది. జాతీయగీతం పాడకుండా గౌరవంగా నిలబడిన పిల్లలను కేరళ పాఠశాల నుంచి పంపివేయడం చెల్లదని 1986 ఆగస్టు 11న బిజో ఇమ్మానుయేల్ వర్సెస్ కేరళ రాష్ట్రం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఆ తీర్పు రాసినవారు తెలుగువారైన న్యాయమూర్తి ఓ. చిన్నపరెడ్డి.

ప్రస్తుత స్థితి

టీకాల మీద, అవయవ మార్పిడి మీద, బహిష్కృతుల పలకరింపు మీద సంఘం మాట మారింది. గర్భవిచ్ఛిత్తి మీద మారలేదు. బిడ్డ ప్రాణాన్ని కావాలని తీయకూడదన్నది నేటికీ సభ్యులందరికీ వర్తించే నియమం. గర్భనిరోధం, నాళంలో గర్భానికి చికిత్స, ప్రసవవేళ తల్లీబిడ్డల్లో ఒకరిని ఎంచుకోవలసిన స్థితి నేటికీ సభ్యుల సొంత నిర్ణయాలే.