సవానాలో గోల్ఫ్ కార్ట్ మీద: యాభై ఎకరాలు, నలభై ఎకరాలు



ఇండియా నుంచి అమ్మానాన్నలు వచ్చినప్పుడు అట్లాంటా చుట్టుపక్కల ఉండే మనవాళ్ళు చూపించే ఊళ్ళలో సవానా తప్పకుండా ఉంటుంది. కారులో నాలుగు గంటల ప్రయాణం. నది, పాత ఇళ్ళు, రోడ్డుకి రెండువైపులా గొడుగు పట్టినట్టుండే ఓక్ చెట్లు. చిక్కల్లా ఒక్కటే, అది నడిచి చూడాల్సిన ఊరు. మా అమ్మకి మోకాళ్ళ నొప్పులు, నాన్నగారికి ఎండ పడదు. అందుకని మేం ఒక గోల్ఫ్ కార్ట్ మాట్లాడుకున్నాం. బ్యాటరీ బండి, ఆరుగురు కూర్చోవచ్చు, పక్కలు తెరిచి ఉంటాయి, గంటకి పాతిక మైళ్ళు మించి పోదు. డ్రైవరే గైడు కూడా.

ట్రాలీ బస్సులో అయితే నలభై మందితో పాటు మనమూ వినుకుంటూ పోవాలి. సొంతంగా మాట్లాడుకున్న బండి ఆపమన్న చోట ఆగుతుంది. మా నాన్నగారు ఆ సదుపాయాన్ని పూర్తిగా వాడుకున్నారు. ఆయన గుంటూరు జిల్లాలో పత్తీ మిరపా పండించిన మనిషి. గైడు ఎంత అందమైన భవనం చూపించినా ఆయన ప్రశ్న ఒక్కటే. "ఈ స్థలం మొదట ఎవరిదిట? అడుగు." మొదట్లో నాకు కాస్త మొహమాటంగా అనిపించింది. తర్వాత ఇంటికొచ్చి చదువుకుంటే సవానా చరిత్రకి అంతకంటే మంచి ప్రశ్న లేదని తెలిసింది.

బండి నది ఒడ్డున మొదలైంది. నది నుంచి సుమారు నలభై అడుగుల ఎత్తున్న గట్టు మీద ఉంది ఊరు. 1733 ఫిబ్రవరి 12న జేమ్స్ ఓగల్‌తోర్ప్ అనే ఇంగ్లీషు దొర నూటపదిమందికి పైగా మనుషులతో ఇక్కడ దిగాడు. అప్పటికి ఆ గట్టు మీద యమక్రా తెగవాళ్ళు ఉండేవారు. వాళ్ళ పెద్ద పేరు టొమోచిచి. ఆయన ఒప్పుకున్నాడు కాబట్టే ఊరు లేచింది. మరుసటి ఏడు 1734లో ఆయన్ని లండన్ తీసుకెళ్ళి రాజు రెండో జార్జికి చూపించారు కూడా.

ఓగల్‌తోర్ప్ ఊరి ప్లాను మాత్రం గొప్పది, ఒప్పుకోవాలి. మధ్యలో ఒక చౌకు. దానికి తూర్పు పడమరల్లో చర్చికీ కచేరీకీ పెద్ద స్థలాలు. ఉత్తర దక్షిణాల్లో ఇళ్ళ స్థలాలు, పదేసి ఇళ్ళ చొప్పున నాలుగు వరసలు. ఇదొక వార్డు. ఊరు పెరిగితే పక్కన ఇలాంటిదే ఇంకో వార్డు. అలా 1851 నాటికి ఇరవైనాలుగు చౌకులయ్యాయి, అందులో ఇప్పుడు ఇరవైరెండు మిగిలాయి. కార్ట్‌లో తిరుగుతుంటే ప్రతి రెండు నిమిషాలకీ ఒక తోటలోకి వచ్చినట్టు ఉంటుంది. చెట్లకి వేలాడే బూడిదరంగు పీచుని స్పానిష్ మాస్ అంటారు. అది స్పెయిన్‌దీ కాదు, నాచూ కాదు, మన అనాసపండు కుటుంబపు మొక్కట. మా అమ్మకి ఆ రోజు బాగా నచ్చిన సంగతి అదే.

నాన్నగారు అడిగింది వేరు. "ఇల్లు సరే, వచ్చినవాళ్ళు ఏం తిన్నారు? పొలం ఇచ్చారా?"

ఇచ్చారు. ధర్మఖర్చు మీద వచ్చిన ప్రతి కుటుంబానికీ ఊళ్ళో అరవై అడుగులకి తొంభై అడుగుల ఇంటిస్థలం, ఊరి అంచున ఐదెకరాల తోట, ఇంకాస్త దూరంలో మిగతా పొలం, మొత్తం కలిపి 50 ఎకరాలు. అమ్ముకోవడానికి వీల్లేదు. తండ్రి పోతే కొడుక్కే గానీ కూతురికి రాదు. గైడు ఇది చెబుతుంటే నాన్నగారు, "డీ ఫారం పట్టా లాంటిదన్నమాట, అనుభవించాలి తప్ప అమ్మకూడదు" అన్నారు. అది ఇంగ్లీషులో ఎలా చెప్పాలో నాకు తెలియలేదు గానీ పోలిక సరిగ్గానే ఉంది.

ఇంకో సంగతి. ఆ కాలనీలో మొదట బానిసత్వం నిషేధం. 1735లో చట్టమే చేశారు. అది పూర్తిగా దయతో చేసిన పని అనుకోనక్కర్లేదు. దక్షిణాన ఫ్లోరిడాలో స్పెయిన్ వాళ్ళున్నారు, సరిహద్దుకి తుపాకీ పట్టగల చిన్న రైతులు కావాలి, బానిసలుంటే పారిపోయి శత్రువుతో కలుస్తారు. ఓగల్‌తోర్ప్ స్వయంగా బానిసల వ్యాపారం చేసే రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో పెద్ద పదవిలో పనిచేసినవాడే. అయినా చట్టం చట్టమే. పక్కనున్న కరొలైనాలో వరి పండించి ధనవంతులైనవాళ్ళని చూసి ఇక్కడివాళ్ళు గోల పెట్టారు. చివరికి 1751లో నిషేధం పోయింది. యాభై ఎకరాల చిన్న రైతుల ఊరు కొన్నేళ్ళలోనే వరి జమీందార్ల ఊరైంది.

అక్కడి నుంచి రైట్ స్క్వేర్‌కి వచ్చాం. 1739లో టొమోచిచి చనిపోయినప్పుడు ఆయన్ని ఈ చౌకు మధ్యలోనే సమాధి చేశారు. శవపేటిక మోసినవాళ్ళలో ఓగల్‌తోర్ప్ ఒకడు. ఇప్పుడు అక్కడ ఒక పెద్ద స్తంభం కనబడుతుంది. అది టొమోచిచిది కాదు. రైల్వే కంపెనీ స్థాపించిన విలియం గోర్డన్ పేరుతో 1883లో ఆ సమాధి చోటే కట్టారు. ఆ గోర్డన్ గారి కోడలికే అది తప్పనిపించి, 1899లో ఇంకొందరు స్త్రీలతో కలిసి చౌకు మూలన ఒక గ్రానైటు బండ పెట్టించింది టొమోచిచి జ్ఞాపకంగా. ఆ కోడలి కూతురే 1912లో ఇదే ఊళ్ళో గర్ల్ స్కౌట్స్ మొదలుపెట్టిన జూలియెట్ గోర్డన్ లో. మన ఇళ్ళల్లో ఆడపిల్లలు కుకీలు అమ్ముతారు చూడండి, ఆ స్కౌట్సే.

నాన్నగారు కిందకి దిగి ఆ బండ దగ్గర కాసేపు నిలబడ్డారు. ఏమీ అనలేదు.

చిప్పెవా స్క్వేర్‌లో "ఫారెస్ట్ గంప్" సినిమా బెంచీ గురించి గైడు ఐదు నిమిషాలు చెప్పాడు. ఆ బెంచీ ఇప్పుడక్కడ లేదు, మ్యూజియంలో ఉంది. మనం ముందుకి పోదాం.

నది పక్కన 1887 నాటి కాటన్ ఎక్స్ఛేంజి ఎర్ర ఇటుకల భవనం ఉంది. దాని ముందు మాత్రం నాన్నగారు బండి ఆపించారు, పత్తి అనే మాట వినబడింది గనక. మన జిన్నింగు మిల్లులకి మూలమైన యంత్రాన్ని ఎలై విట్నీ 1793లో తయారుచేసింది ఈ సవానా దగ్గరున్న ఒక ప్లాంటేషన్లోనే. గింజ తీయడం తేలికయ్యేసరికి పత్తి విపరీతంగా వేశారు, పత్తి వేయడానికి ఇంకా ఇంకా బానిసల్ని కొన్నారు. 1861లో అంతర్యుద్ధం మొదలై ఉత్తరాది నౌకలు ఈ రేవుల్ని దిగ్బంధం చేశాక లాంకషైర్ మిల్లులకి పత్తి కరువైంది. అప్పుడు వాళ్ళ చూపు ఇండియా మీద పడింది. మన గుంటూరు, కృష్ణా ప్రాంతాల పత్తికి మార్కెట్లో కోకనాడ పత్తి అని పేరు, కాకినాడ రేవు మీదుగా పోయేది కనక. యుద్ధం ఉన్నన్నాళ్ళూ దానికి గిరాకీ, యుద్ధం అయిపోగానే ధర పడిపోయింది. ఇక్కడ మూతపడిన రేవుకీ అక్కడి మన రైతుల ధరకీ ఇంత సంబంధం ఉందని బడిలో నాకెవరూ చెప్పలేదు.

కార్ట్ వెళ్ళని చోటు ఒకటి చెప్పాలి. పాత ఊరికి పడమరగా, చౌకులన్నీ దాటిపోయాక, ఒకప్పుడు గుర్రప్పందాల మైదానం ఉండేది. 1859 మార్చి 2, 3 తేదీల్లో పియర్స్ బట్లర్ అనే జమీందారు అప్పులు తీర్చడానికి 429 మంది మనుషుల్ని అక్కడ వేలం వేశాడు. వచ్చింది 3,03,850 డాలర్లు. ఆ రెండు రోజులూ వాన కురిసింది. ఆ అమ్మకానికి "ఏడుపు కాలం" అనే అర్థం వచ్చే పేరు మిగిలిపోయింది. ఊరు అక్కడొక గుర్తుఫలకం పెట్టడానికి 2008 దాకా పట్టింది.

అదే 1859లో ఊళ్ళో ఫ్రాంక్లిన్ స్క్వేర్ దగ్గర ఫస్ట్ ఆఫ్రికన్ బాప్టిస్ట్ చర్చి పూర్తయింది. పగలంతా యజమానుల పని చేసి రాత్రిపూట వచ్చి కట్టుకున్నారు. నేలచెక్కల్లో వజ్రం ఆకారంలో చిన్న చిన్న బెజ్జాలుంటాయి. పారిపోయి వచ్చి కింద దాక్కున్నవాళ్ళకి గాలి ఆడటానికి అవి పెట్టారని చర్చివాళ్ళు చెబుతారు.

ఇక మేడిసన్ స్క్వేర్‌లోని గ్రీన్ మెల్డ్రిమ్ ఇల్లు. నేను ఇవాళ మైకు ముందుకి వచ్చింది ఈ ఇంటి కోసమే. కార్ట్ దీని ముందు రెండు నిమిషాలు ఆగింది. ఇనప వరండా ఎంత అందంగా ఉందో గైడు చెప్పాడు. 1864 డిసెంబరులో జనరల్ షెర్మన్ ఊరు పట్టుకుని, దీన్ని లింకన్‌కి క్రిస్మస్ కానుకగా ఇస్తున్నానని తంతి కొట్టాడనీ చెప్పాడు. 150 ఫిరంగులు, సుమారు 25,000 పత్తి బేళ్ళు ఆ కానుకలో భాగం. ఇంటి యజమాని చార్లెస్ గ్రీన్ ఇంగ్లీషు పత్తి వ్యాపారి, తానే ఇల్లు అప్పగించాడు. అక్కడితో కథ ముగించి గైడు బండి కదిలించాడు.

అసలు కథ మూడు వారాల తర్వాత జరిగింది. షెర్మన్ సైన్యం వెనకాల వేలమంది విముక్తులైన బానిసలు నడుచుకుంటూ వస్తున్నారు. డిసెంబరు 9న ఎబెనీజర్ వాగు దగ్గర సైన్యం దాటాక ఒక జనరల్ తేలుడు వంతెన ఎత్తేయించాడు. వెనకనుంచి శత్రు రౌతులు, ముందు చల్లటి నీళ్ళు. దూకినవాళ్ళలో చాలామంది మునిగిపోయారు. ఈ వార్త వాషింగ్టన్ చేరి గొడవైంది. యుద్ధమంత్రి స్టాంటన్ స్వయంగా సవానా వచ్చాడు.

1865 జనవరి 12 రాత్రి, ఈ ఇంటి పై అంతస్తులో, స్టాంటనూ షెర్మనూ ఇరవైమంది నల్లజాతి చర్చి పెద్దల్ని కూర్చోబెట్టి అడిగారు. మీకేం కావాలి? అందరి తరఫునా మాట్లాడినాయన గారిసన్ ఫ్రేజియర్, అరవైయేడేళ్ళవాడు. ఎనిమిదేళ్ళ కిందటే వెయ్యి డాలర్లు వెండి బంగారాల్లో కట్టి తన్నూ భార్యనూ కొనుక్కున్నవాడు. ఆయన చెప్పినదాని సారాంశం ఇది: మాకు భూమి కావాలి, మా రెక్కల కష్టంతో దున్నుకుంటాం, నిదానంగా సొంతానికి కొనుక్కుంటాం. షెర్మన్ గురించి మీ అభిప్రాయమేమిటని అడిగే ముందు స్టాంటన్ షెర్మన్‌ని గదిలోంచి బయటికి పంపాడట. సైన్యాధిపతికి అది ఎంత మంటగా ఉండి ఉంటుందో ఊహించుకోవచ్చు.

నాలుగు రోజుల తర్వాత, జనవరి 16న, షెర్మన్ పదిహేనో నంబరు ఉత్తర్వు ఇచ్చాడు. చార్లెస్టన్‌కి దక్షిణంగా ఉన్న ద్వీపాలూ, తీరం నుంచి ముప్ఫై మైళ్ళ లోపల వదిలేసిన వరిచేలూ విముక్తులకి. కుటుంబానికి 40 ఎకరాలకి మించకుండా. చేతికిచ్చేది స్వాధీనపత్రం మాత్రమే, పూర్తి హక్కు తర్వాత సంగతి.

ఆ జూన్ నాటికి సుమారు 40,000 మంది 4,00,000 ఎకరాల మీద స్థిరపడ్డారు. ఆ ఇరవైమందిలో ఒకరైన యులిసీజ్ హ్యూస్టన్ వెయ్యిమందిని వెంటబెట్టుకుని సవానా పక్కనున్న స్కిడవే ద్వీపానికి వెళ్ళి ఊరు కట్టాడు. ఏప్రిల్లో లింకన్ హత్య జరిగింది. తర్వాత వచ్చిన ఆండ్రూ జాన్సన్ పాత యజమానులకి క్షమాభిక్ష ఇచ్చి భూములు వెనక్కిమ్మన్నాడు. అక్టోబరులో జనరల్ హోవర్డ్ ఎడిస్టో ద్వీపం వెళ్ళి, వేసిన పంటతో సహా ఉన్న మనుషులకి ఆ మాట తన నోటితోనే చెప్పాల్సి వచ్చింది. వాళ్ళు అధ్యక్షుడికి అర్జీ రాసుకున్నారు. భూమి దక్కలేదు.

ఇదంతా నేను ఆ రాత్రి హోటల్లో చదివి నాన్నగారికి చెప్పాను. ఆయన చాలాసేపు కాగితం గురించే అడిగారు. "స్వాధీనపత్రం ఇచ్చారు గానీ రిజిస్ట్రీ చెయ్యలేదన్నమాట. సర్వే చేసి హద్దురాళ్ళు వేశారా?" కొన్నిచోట్ల వేశారని చెప్పాను. "మరి 1733లో వచ్చినవాళ్ళ యాభై ఎకరాలు ఎవరైనా వెనక్కి తీసుకున్నారా?" లేదు నాన్నగారూ అన్నాను. పైగా కొన్నేళ్ళకి అమ్ముకునే హక్కు కూడా ఇచ్చారు. "ఊఁ" అని దుప్పటి కప్పుకున్నారు.

ఊరు ఏమీ మారలేదని అనను. దక్షిణం వైపు ఒక చౌకుకి బానిసత్వాన్ని గట్టిగా సమర్థించిన కాల్హూన్ పేరుండేది. 2022లో ఆ పేరు తీసేశారు, 2023లో సూజీ కింగ్ టేలర్ పేరు పెట్టాలని నగర కౌన్సిలు నిర్ణయించింది. ఆమె బానిసగా పుట్టి, చదువు నేరమైన రోజుల్లో పుస్తకాలకి కాగితం చుట్టి దాచుకుని రహస్యంగా బడికి పోయి, తర్వాత టీచరైంది. మీరు కార్ట్ మాట్లాడుకుంటే గైడుని ఆ చౌకు దగ్గరా, మేడిసన్ స్క్వేర్ దగ్గరా కాస్త ఎక్కువసేపు ఆపమనండి. ఆపుతారు, బండి మీదే కదా.

మర్నాడు పొద్దున బయల్దేరే ముందు స్కిడవే ద్వీపం చూద్దామన్నారు నాన్నగారు. వంతెన దాటి వెళ్ళాం. అక్కడ ఒక స్టేట్ పార్కు ఉంది, కాసేపు కూర్చున్నాం. ద్వీపంలో చాలా భాగం ఇప్పుడు గేటు ఉన్న ఖరీదైన కాలనీ. లోపల అరడజను గోల్ఫ్ కోర్సులు. ఆ గేటు దాకా వెళ్ళి కారు తిప్పుకుంటుంటే లోపల ఎవరో ఇద్దరు కార్ట్ మీద నెమ్మదిగా పోతున్నారు. "నిన్న మనం ఎక్కింది ఇలాంటిదేగా" అంది అమ్మ.