హర్రాజుకు వచ్చిన చరిత్ర: సొత్తా, అమానతా?

వేలం ద్వారా వస్తువును విక్రయించటం ధర్మశాస్త్రం దృష్టిలో దోషం కాదు. యాచించటానికి వచ్చిన ఒక నిరుపేద అన్సారీ ఇంటి నుండి కప్పుకునే వస్త్రాన్ని, నీళ్ళు త్రాగే పాత్రను తెప్పించి దైవప్రవక్త (స) స్వయంగా సహచరుల మధ్య పాట పెట్టిన ఉదంతం హదీసు గ్రంథాలలో ఉంది. ఒకరు ఒక దిర్హమ్ ఇస్తామన్నారు. మరొకరు రెండు దిర్హములకు తీసుకున్నారు. ఆ సొమ్ములో సగంతో ఇంటికి ఆహారం, మిగతా సగంతో గొడ్డలి కొనిపించి కట్టెలు కొట్టుకుని బ్రతికే మార్గం చూపించారు. ఫుఖహాలు ఈ విక్రయాన్ని ధర్మసమ్మతమైనదిగా పరిగణించారు. కొనే ఉద్దేశం లేకుండా ధర పెంచటానికే పాట పాడే ‘నజష్’ను మాత్రం నిషిద్ధమన్నారు.

అయితే ఆ వస్త్రం, ఆ పాత్ర ఒక వ్యక్తి సొంత సామాను. చేతులు మారితే వాటిలో తరిగిపోయేది ఏమీ లేదు. పురావస్తువుల సంగతి అలాంటిది కాదు. భూమిలో దొరికిన కుండ, తవ్వకంలో బయటపడిన ఎముక, పూర్వీకులు వ్రాసిన గ్రంథం - ఇవి గడచిన కాలానికి సాక్షులు. సాక్షిని ఊరు, పేరు తుడిచివేసి న్యాయస్థానంలో నిలబెడితే ఆ సాక్ష్యం చెల్లదు. వేలంశాలలో పురావస్తువులకు తరచుగా జరిగేది ఇదే. వస్తువు ఉంటుంది, ధర ఉంటుంది. అది ఎక్కడిది, దేని ప్రక్కన ఉండినది అన్న సమాచారం ఉండదు. హర్రాజు అనే మాట వాడుకలో ఉన్న హైదరాబాద్ ప్రాంతపు చరిత్రలోనే ఈ సమస్యకు రెండు వైపులా ఉదాహరణలు లభిస్తాయి.

డోర్నకల్ పరిసరాల సాక్ష్యం

కాజీపేట-విజయవాడ రైలు మార్గంలో ఉన్న డోర్నకల్ జంక్షన్, నేటి మహబూబాబాద్ జిల్లాలోనిది. ఇక్కడి నుండి ఒక శాఖ బొగ్గు గనుల వైపు చీలుతుంది. ఇల్లెందు ప్రాంతంలో బొగ్గు ఉన్నదని 1871లో గుర్తించినవాడు భారత భూగర్భ సర్వేక్షణ సంస్థకు చెందిన విలియం కింగ్. ఈ గనుల రాతి పొరలలో గ్లాసాప్టెరిస్ అనే అంతరించిపోయిన వృక్షజాతి ఆకుల ముద్రలు కనిపిస్తాయి. వాటి వయస్సు ఇరవై ఐదు కోట్ల సంవత్సరాలకు పైమాటే. పొయ్యిలో కాలే బొగ్గు కూడా ఆ ప్రాచీన అరణ్యాల అవశేషమే.

ఇదే కింగ్ 1877లో బెంగాల్ ఏషియాటిక్ సొసైటీ పత్రికలో మరొక వ్యాసం ప్రకటించాడు. గోదావరి తీరాన మంగపేట సమీపంలో, శిలువ ఆకారపు నిలువురాళ్ళతో ఉన్న ప్రాచీన సమాధుల గురించిన వ్యాసం అది. పెద్ద పెద్ద రాతి పలకలతో పెట్టెల వలె కట్టిన ఇటువంటి సమాధులు తెలంగాణ అంతటా ఉన్నాయి. ప్రజలు వీటిని ‘రాక్షస గుళ్ళు’ అంటారు. నిధి దొరుకుతుందన్న భ్రమతో వీటిని ఎందరో తవ్విపోశారు. సాధారణంగా అందులో ఉండేవి మట్టి కుండలు, ఇనుప పనిముట్లు, ఎముకలు. విడిగా తీసుకుపోతే ఆ కుండకు బజారులో విలువ లేదు. కాని ఏ కుండ తలవైపు ఉన్నది, ఏ ఇనుప కత్తి ప్రక్కన ఉన్నది, శరీరం ఏ దిక్కుకు ఉంచబడినది అన్న వివరాలు కలిస్తే ఒక జాతి జీవన విధానం తెలుస్తుంది. తవ్వినవానికి బంగారం దక్కలేదు, విద్యార్థికి సమాచారమూ దక్కలేదు.

ఈ నష్టాన్ని గుర్తించే 1914లో నిజాం ప్రభుత్వం పురావస్తు శాఖను నెలకొల్పి, గులాం యజ్దానీని దానికి అధిపతిగా నియమించింది. అరబ్బీ, పారశీక శాసనాలలో నిష్ణాతుడైన ఈ ముస్లిం విద్వాంసుడు అజంతా బౌద్ధ చిత్రాలపై 1930-1955 మధ్య నాలుగు భాగాల గ్రంథం వెలువరించాడు. పాలంపేటలోని రామప్ప ఆలయాలపై 1922లోనే గ్రంథం వ్రాశాడు. అవి ఏ మతస్థుల కట్టడాలన్న ప్రశ్న ఆయన పనికి అడ్డు రాలేదు. పూర్వుల వస్తువు చేతికి వచ్చినప్పుడు దాని వివరం నమోదు చేయటం, దానిని తన చోటనే నిలపటం ఆ శాఖ పాటించిన విధానం.

కొని నిలిపినవాడు

సాలార్ జంగ్ వంశంలో మూడవవాడైన నవాబ్ మీర్ యూసుఫ్ అలీ ఖాన్ (1889-1949) అనుసరించిన మార్గం వేరు. 1912 నుండి 1914 వరకు నిజాం దివానుగా పనిచేసి, ఆ పదవి నుండి వైదొలగిన తరువాత దాదాపు 35 సంవత్సరాలు వస్తు సేకరణకే జీవితాన్ని అంకితం చేశాడు. తాతగారు మొదటి సాలార్ జంగ్ 1876లో రోము నగరంలో కొన్న ‘మేలిముసుగు రెబెక్కా’ పాలరాతి విగ్రహం అప్పటికే ఇంట్లో ఉంది. మనుమడు దానికి వ్రాతప్రతులు, ఆయుధాలు, గడియారాలు, చైనా పింగాణీ, ఐరోపా చిత్రాలు జోడించాడు. యూరప్ పర్యటనలలో స్వయంగా కొన్నాడు; దేశవిదేశాలలో ఏజెంట్లను నియమించాడు; వర్తకులు వస్తువులతో దివాన్ దేవిడీ గుమ్మానికే వచ్చేవారు. ఇతరుల సేకరణలు చెదరిపోయినప్పుడు బజారుకు వచ్చిన వస్తువులే ఈ సేకరణకు ఆధారమైనవన్నది కూడా విస్మరించరాదు.

1949 మార్చిలో ఆయన అవివాహితునిగా మరణించటంతో అదే ప్రమాదం ఈ సేకరణకూ ఎదురయింది. వారసులు అనేకులు. వస్తువులను పంచుకోవటమో, పాటకు పెట్టటమో జరిగి ఉంటే కొద్ది సంవత్సరాలలో అవి నాలుగు ఖండాలకు చెదరిపోయేవి. అలా జరగలేదు. కళావిమర్శకుడు జేమ్స్ కజిన్స్ సహాయంతో వస్తువులు వర్గీకరించబడి, 1951 డిసెంబరు 16న దివాన్ దేవిడీలోనే మ్యూజియంగా ప్రారంభింపబడినవి. 1958లో వారసులు హైకోర్టు ద్వారా రాజీపత్రం కుదుర్చుకుని సేకరణను ప్రభుత్వానికి అప్పగించారు. 1961లో పార్లమెంటు దానిని జాతీయ ప్రాముఖ్యం గల సంస్థగా ప్రకటించింది. 1968లో మూసీ ఒడ్డున నేటి భవనానికి తరలించబడింది. పంచుకోవటానికి చట్టపరమైన హక్కు ఉన్నవారు పంచుకోకుండా ఉండటం వల్లనే ఈనాడు సామాన్యుడు కూడా టిక్కెట్టు కొని ఆ వస్తువులను చూడగలుగుతున్నాడు.

రెండు చివరలు

నిజాం వంశపు సంపదకు పట్టిన గతి ఇంత సులభంగా తేలలేదు. మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ 1951, 1952 సంవత్సరాలలో ఆభరణాలను రెండు ట్రస్టుల అధీనంలో ఉంచాడు. 1967లో ఆయన మరణానంతరం అమ్మకం ప్రయత్నాలు మొదలయినవి. విదేశీ కొనుగోలుదారులు పోటీపడ్డారు. వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరింది. చివరకు 1995లో భారత ప్రభుత్వం 184.75 క్యారెట్ల జాకబ్ వజ్రంతో సహా 173 ఆభరణాలను సుమారు 218 కోట్ల రూపాయలకు కొన్నది. తరువాత సాలార్ జంగ్ మ్యూజియంలో అవి ప్రదర్శించబడినప్పుడు హైదరాబాద్ ప్రజలు బారులు తీరి చూశారు.

జహాంగీర్ చక్రవర్తి బంగారు నాణెం కథ ఇందుకు భిన్నం. 1613లో ఆగ్రాలో ముద్రించబడిన ఈ వెయ్యి మొహరీల నాణెం బరువు దాదాపు 12 కిలోలు. 1987 నవంబరులో జెనీవా నగరంలో ఇది వేలానికి వచ్చింది. నిజాం వారసుల నుండి వచ్చినదిగా అప్పటి పత్రికలు వ్రాశాయి. ఆశించిన ధర రాక పాట తెగలేదు. భారత ప్రభుత్వం విచారణ జరిపించినా, ఆ తరువాత నాణెం బహిరంగంగా కనిపించలేదు. షాజహాన్ ముద్రించిన 200 మొహరీల నాణెం విషయం ఇంకా విచారకరం. దాని అచ్చు మాత్రం బ్రిటిష్ మ్యూజియంలో మిగిలింది; అసలు నాణెం మాయమయింది. కరిగించినచో అది బంగారమే. ఉన్నచో అది ఒక యుగపు ముద్రణాలయ చరిత్ర.

విడదీసిన గ్రంథం, విడిపోయిన అస్థిపంజరం

విడదీస్తే లాభం పెరుగుతుందన్నది వేలం వ్యాపారంలోని మరొక ప్రమాదం. ఇరాన్ పాలకుడు షా తహ్మాస్ప్ కోసం పదహారవ శతాబ్దంలో సిద్ధమయిన షానామా ప్రతిలో 258 చిత్రాలు ఉండేవి. 1959లో దానిని కొన్న అమెరికా సంపన్నుడు ఆర్థర్ హౌటన్ కుట్టు విప్పించి ఆకులను విడదీశాడు. 1976లో ఏడు పుటలు లండన్ వేలంశాలకు వెళ్ళాయి. మిగిలిన 118 చిత్రాలను 1994లో ఒక ఆధునిక చిత్రానికి బదులుగా ఇరాన్ తిరిగి సంపాదించుకోగలిగింది. తక్కినవి నేటికీ చెదరి ఉన్నాయి. ముస్లిం గృహాలలో తరతరాలుగా ఉన్న వ్రాతప్రతుల విషయంలో ఇది గుర్తుంచుకోదగిన గుణపాఠం.

శిలాజాలలో కూడా ఇదే జరుగుతున్నది. 1997లో న్యూయార్క్ వేలంలో ‘స్యూ’ అనే టైరానోసారస్ అస్థిపంజరం 83 లక్షల డాలర్లకు పైగా పలికింది. అదృష్టవశాత్తు చికాగోలోని ఫీల్డ్ మ్యూజియం దాతల సహాయంతో దానిని దక్కించుకున్నది. 2020లో ‘స్టాన్’ 3 కోట్ల 18 లక్షల డాలర్లకు, 2024లో ‘ఏపెక్స్’ అనే స్టెగోసారస్ 4 కోట్ల 46 లక్షల డాలర్లకు అమ్ముడయ్యాయి. ఈ ధరలకు విశ్వవిద్యాలయాలు అందుకోలేవు. 2012లో న్యూయార్క్‌లో పది లక్షల డాలర్లు దాటిన టార్బోసారస్ అస్థిపంజరం మంగోలియా నుండి అక్రమంగా తరలిందని ఆ దేశం అభ్యంతరం తెలిపింది. అమెరికా న్యాయస్థానం విచారించి, దానిని 2013లో తిరిగి అప్పగించేట్లు చేసింది.

ప్రాణహిత-గోదావరి లోయలోని శిలాజాల భాగ్యం వేరుగా ఉన్నది. సిరోంచ సమీపంలోని పోచంపల్లి వద్ద దొరికిన బరపాసారస్ ఎముకలు కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌కు చేరి, 1975లో టాగూరు పేరును కూడా కలుపుకొని నామకరణం పొందాయి. ఆదిలాబాద్ ప్రాంతపు యామన్‌పల్లిలో భూగర్భ సర్వేక్షణ శాఖ తవ్వి తీసిన కోటాసారస్‌కు 1988లో పి. యాదగిరి పేరు పెట్టారు. దాని అస్థిపంజరం హైదరాబాద్ బిర్లా సైన్స్ కేంద్రంలో నిలిచి ఉంది. కనీసం పన్నెండు జంతువుల ఎముకలు అక్కడ కలిసి దొరికినవి. ఒక్కొక్క ఎముకా ఒక్కొక్క కొనుగోలుదారుని ఇంటికి వెళ్ళి ఉంటే అవి ఒకే చోట మరణించిన సంగతి కూడా తెలిసేది కాదు.

రాయి ఉన్న చోటే దాని సాక్ష్యమని పదకొండవ శతాబ్దంలోనే గ్రహించినవాడు అల్ బీరూనీ. పర్వతాల వద్ద పెద్దవిగా, దిగువకు వచ్చేకొద్దీ చిన్నవిగా, చివరకు ఇసుకగా మారే గుండ్రని రాళ్ళను గమనించి, ఉత్తర హిందూస్థానపు మైదానం ఒకప్పుడు సముద్రమని, నదుల ఒండ్రుతో పూడినదని ఆయన ఊహించాడు. అవే రాళ్ళు సంచిలో వేసి గజనీ బజారులో పెట్టి ఉంటే ఆయనకు ఏమీ చెప్పి ఉండేవి కావు.

చట్టం, ధర్మం

1878 నాటి నిధి నిక్షేపాల చట్టం ప్రకారం పది రూపాయలకు మించిన విలువ గల నిధి దొరికినవాడు కలెక్టరుకు తెలియజేయాలి. 1972లో ఆమోదం పొంది 1976 ఏప్రిల్ 5న అమలులోకి వచ్చిన పురావస్తువుల చట్టం, నూరేళ్ళు దాటిన వస్తువులను, 75 ఏళ్ళు దాటిన విలువైన వ్రాతప్రతులను ప్రైవేటు వ్యక్తులు విదేశాలకు పంపటాన్ని నిషేధించింది. వర్తకులకు లైసెన్సు తప్పనిసరి చేసింది. శిలాజాల ప్రస్తావన అందులో ప్రత్యేకంగా లేదు. వాటి రక్షణకు 2022 డిసెంబరులో కేంద్ర ప్రభుత్వం ఒక ముసాయిదా బిల్లును ప్రజల ముందుంచింది.

చట్టం ఉన్నా నమోదు లేకుంటే ప్రయోజనం లేదు. ప్రకాశం జిల్లా చందవరం నుండి 2001లో దొంగిలించబడిన బౌద్ధ శిల్పఫలకం ఆస్ట్రేలియా జాతీయ కళా ప్రదర్శనశాలకు చేరింది. భారతదేశంలో ఉండగా తీసిన ఫోటో బయటపడటంతో 2016లో అది తిరిగి వచ్చింది. ఒక్క ఫోటో ఆ పని చేసింది.

ఇస్లామీయ ధర్మశాస్త్రం ఈ విషయంలో దారి చూపకపోలేదు. భూమిలో దొరికిన ‘రికాజ్’లో ఐదవ వంతు ప్రజల ఖజానాకు చెందుతుంది. దారిలో దొరికిన ‘లుఖ్తా’ను ఒక సంవత్సరం ప్రకటించాలి. దొరికినంత మాత్రాన వస్తువు పూర్తిగా తనది కాదని, అందులో ఇతరుల హక్కు కూడా ఉన్నదని ఈ రెండు ఆదేశాలూ తెలుపుతున్నాయి. గతకాలపు వస్తువులో రాబోయే తరాల హక్కు ఉన్నదని దీనిని బట్టి భావించటం అసమంజసం కాదు.

కనుక పొలం దున్నేటప్పుడు నాణెమో, వింత ఆకారపు రాయో బయటపడితే దానిని కడగకుండా, కదల్చకుండా, ఉన్న చోటనే ఫోటో తీసి తహసీల్దారుకు గాని పురావస్తు శాఖకు గాని తెలియజేయటం మొదటి కర్తవ్యం. ఇంట్లో పూర్వీకుల వ్రాతప్రతి ఉన్నవారు దాని పుటలు లెక్కించి, ఎవరి నుండి ఎవరికి వచ్చినదో వ్రాసి ఉంచాలి. అవసరం వచ్చి అమ్మవలసినా ఆకు ఆకుగా కాక సంపూర్ణ గ్రంథంగా, చట్టం అనుమతించిన మార్గంలో, ఏదైనా గ్రంథాలయానికి గాని మ్యూజియానికి గాని ఇవ్వాలి. దివాన్ దేవిడీ వారసులు చేసిన పని ఇదే. వారు వదులుకున్నది తమ వాటా. నిలిచినది అందరి చరిత్ర.