కదలని సైకిలు – టర్కీ తువాలు

గదిలో త్రొక్కు సైకిలుకు పూర్వరూపము, 1796లో ఇంగ్లండున ఫ్రాన్సిస్ లౌండ్సు పేటెంటు పొందిన "జిమ్నాస్టికాన్". దానిని చేతులతోను, కాళ్లతోను త్రిప్పెడివారు.

వీధిలో సైకిలు త్రొక్కువానికి గాలి తగిలి చెమట ఆవిరియగును. లీటరు చెమట ఆవిరియగుచు సుమారు 580 కిలోకేలరీల వేడిని దేహమునుండి తీసికొనిపోవును. గదిలో సైకిలు కదలదు, గాలి తగలదు; చెమట కారి చేతిపిడులపై పడును. పట్టు జారును, ఉప్పునీటికి ఇనుము త్రుప్పుపట్టును. అందుచే పిడులపై తువాలు వేసికొందురు.

ఇందుకు తగినది టర్కీ తువాలు. దాని దారపు ఉచ్చులు నీటిని పీల్చును. టర్కీలోని బుర్సాలో అట్టి గుడ్డను చూచి హెన్రీ క్రిస్టీ ఇంగ్లండుకు తెచ్చెను. యంత్రముపై నేసిన తువాళ్లు 1851 లండను ప్రదర్శనలో ఉంచబడినవి.

అయితే తుడిచిన చెమట దేహమును చల్లార్చదు. ఆవిరియైన చెమటయే చల్లార్చును. కనుక తువాలుతోపాటు పంకా కూడ ఉండవలెను.